వాల్‌పేపర్ ఊడితే బయటపడేది ఏ గోడ?

మొన్న జూలైలో కర్నూలు పాతబస్తీలోని మా మేనమామ గారింట్లో, నడవ గోడకు అతికించిన వాల్‌పేపర్ ఒక మూల లేచింది. ఎర్ర ఇటుకల బొమ్మ ఉన్న కాగితం, అతికించి ఆరేళ్లయింది. ఆయన మనవడు వెంటనే ఫోను తెరిచి ఒక వీడియో పెట్టాడు. అమెరికాలో ఎవరో ఒకాయన గోడ మీద గోరువెచ్చని నీళ్లు చల్లి, పావుగంట ఆగి, వెడల్పాటి రేకుతో కాగితాన్ని అరటిపట్ట ఒలిచినట్టు ఒలిచేస్తున్నాడు. గోడ గీసుకుపోయిన చోట తెల్లటి ముద్ద పూసి, ఎమరీ కాగితంతో రుద్ది, రంగు వేసేశాడు. అంతా పన్నెండు నిమిషాల్లో అయిపోయింది.

కుర్రాడు అదే పద్ధతి మా నడవ గోడ మీద మొదలుపెట్టాడు. కాగితంతో పాటు అరచేయంత పెచ్చు ఊడి కిందపడింది. దాని వెనకనుంచి దూదిలాంటి తెల్లటి పొడి జలజలా రాలింది.

ఆ పెచ్చును నేను దాచుకున్నాను. అంచువైపు నుంచి చూస్తే పొరలు లెక్కపెట్టవచ్చు. అన్నిటికన్నా పైన వాల్‌పేపర్, పలచటి ప్లాస్టిక్ తోలులా ఉంది. దాని కింద తెల్లటి పుట్టీ. ఆ కింద అర అంగుళం మందాన బూడిదరంగు సిమెంటు. సిమెంటు వెనక వైపు నీలిమందు కలిపిన పాత సున్నం మరకలు. అంటే పాత సున్నాన్ని గోకకుండానే దాని మీద సిమెంటు పూశారన్నమాట. అడిగితే మామయ్య ఒప్పుకున్నారు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్లు ఆ నడవలో నిలిచాయట. నీళ్లు తగ్గాక, గట్టిగా ఉంటుందని మట్టి, రాయి గోడకు సిమెంటు పూయించారట. తర్వాత ఆ సిమెంటు కింది భాగంలో పొక్కులు లేస్తుంటే పుట్టీ పెట్టించారు. పుట్టీ కూడా రాలుతుంటే కాగితం అతికించారు.

వీడియోలో ఆయన చేసిన పనిలో తప్పేమీ లేదు. మన కుర్రాడిదీ తప్పు కాదు. ఇద్దరి ముందూ ఉన్న గోడలు వేరు, అంతే.

వీడియోలోని గోడ దేనితో చేసినది

అమెరికా ఇళ్లలో లోపలి గోడ చాలావరకు చెక్క చట్రానికి బిగించిన పలక. దాన్ని అక్కడ డ్రైవాల్ అంటారు, మనం జిప్సం బోర్డు అంటాం. రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం పొర ఉంటుంది. మందం సాధారణంగా అర అంగుళం. 1894లో అగస్టిన్ సాకెట్ అనే అమెరికన్ ఇలాంటి పలకకు పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ఇళ్లు గబగబా కట్టాల్సివచ్చిన రోజుల్లో, అది అక్కడ తడిపూతను దాదాపు తరిమేసింది. తాపీతో పూసి ఆరబెట్టే పని లేదు కాబట్టే దానికి పొడిగోడ అనే అర్థంలో ఆ పేరు వచ్చింది.

జిప్సం అంటే నీటిని తనలో కట్టేసుకున్న కాల్షియం సల్ఫేటు. దాన్ని 150 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే ఆ నీటిలో మూడొంతులు పోయి తెల్లటి పొడి అవుతుంది. అదే మనం పీఓపీ అని పిలిచే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్ నగరంలోని మోన్‌మార్త్ర్ గుట్ట దగ్గర దొరికిన జిప్సం వల్ల ఆ పేరు నిలిచింది. పొడికి మళ్లీ నీళ్లు తగిలితే గట్టిపడి జిప్సం అవుతుంది. అయితే గట్టిపడ్డాక కూడా దానికి నీళ్లంటే పడదు. లీటరు నీటిలో సుమారు రెండు గ్రాముల జిప్సం కరుగుతుంది. కరగడం కన్నా మెత్తబడటమే పెద్ద బాధ. తడిసిన బోర్డులో వేలుపెడితే దిగుతుంది.

ఇక బోర్డుకు బలం సగం దాని కాగితంలోనే ఉంది. వాల్‌పేపర్‌ను బలంగా లాగితే బోర్డు పై కాగితం కూడా చిరిగి, లోపలి గోధుమరంగు పొర బయటపడుతుంది. దానిమీద తిన్నగా పుట్టీ పూస్తే ఆ పొర పుట్టీలోని నీటిని పీల్చుకుని బుడగలుగా ఉబ్బుతుంది. అందుకే ముందు లేచిన పోగులు కోసేసి, నీరు దిగనివ్వని ప్రైమర్ పూసి, ఆ తర్వాతే పలచటి పొరలుగా పుట్టీ వేస్తారు. ఒక్కసారే మందంగా పెడితే ఆరేటప్పుడు కుంచించుకుని బీట వేస్తుంది.

ఇలాంటి గోడ రాయలసీమలో లేకపోలేదు. కర్నూలులో, అనంతపురంలో, కడపలో కొత్త దుకాణాల అడ్డుగోడలు, క్లినిక్కుల గదులు, ఇళ్లలో పైకప్పు కింద వేలాడే సీలింగులు చాలావరకు ఇవే. వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది, మేకు సులువుగా దిగుతుంది. అలాంటిచోట ఆ వీడియో చెప్పినదంతా అక్షరాలా పనికొస్తుంది. ఒక్క మెలిక ఉంది. కింది అంచు రోజుల తరబడి నీళ్లలో నానిన బోర్డును ఎవరూ బాగుచేయరు, ఆ మేరకు కోసి కొత్త ముక్క బిగిస్తారు.

మన గోడలు, వాటి తీరులు

సీమ పల్లెల్లో, పాత పట్టణాల్లో మొదటి రకం రాతిగోడ. అడుగున్నర, రెండడుగుల మందాన రాళ్లు పేర్చి మధ్యలో మట్టి పెట్టి, పైన మట్టి గానీ సున్నం గానీ మెత్తుతారు. దానిమీద చవుడు మిద్దె, అంటే చవుడు మన్ను పరిచిన చదును కప్పు. చవుడు మన్నులో సోడియం లవణాలు ఎక్కువ. సోడియం పట్టిన బంకమన్ను తడవగానే రేణువులు విడివడి సందులన్నీ మూసేస్తాయి, నీరు కిందికి దిగదు. పొలానికి పనికిరాని మన్ను మిద్దెకు పనికొచ్చింది ఇందుకే. బట్టలు ఉతకడానికీ వాడేవారు. కానీ వానకు ఆ లవణాలు కొంచెం కొంచెంగా గోడ తలమీదికి జారుతూనే ఉంటాయి.

రెండోది ఇటుక గోడకు సిమెంటు పూత, దానిమీద పుట్టీ, రంగు. గత యాభై ఏళ్లలో కట్టిన ఇళ్లు ఎక్కువగా ఇవే. మూడోది అపార్టుమెంట్లలో ఇప్పుడిప్పుడే వస్తున్న జిప్సం పూత. గోడ ఇటుకదే, పైపూత మాత్రం జిప్సం. చూడటానికి పుట్టీ పెట్టిన సిమెంటు గోడలాగే ఉంటుంది. గోరుతో గీస్తే తెలుస్తుంది, జిప్సం మీద గీత పడుతుంది, సిమెంటు మీద పడదు.

మామయ్యగారిది మొదటి రకం మీద రెండోది ఎక్కించిన గోడ. పాతబస్తీలో ఇలాంటివి ఒకటీ రెండూ కావు.

కాగితం ఊడటం జిగురు మీద ఆధారపడుతుంది

గోడ ఏదైనా జిగురు గుణం మారదు. వాల్‌పేపర్‌కు వాడేది ఎక్కువగా గంజిలాంటి పిండి జిగురు, లేదా సెల్యులోజు జిగురు. రెండూ నీటికి మెత్తబడతాయి, వేడినీటికి ఇంకా త్వరగా. సమస్య జిగురు దాకా నీరు చేరడంలోనే ఉంది. వట్టి కాగితమైతే నీరు ఇట్టే దిగుతుంది. పైన వినైల్ అనే ప్లాస్టిక్ పొర ఉంటే దిగదు. అందుకే ముందు ఆ పొరను ఒలుస్తారు, లేదా సన్నటి గాట్లు పెడతారు. నాన్‌వోవెన్ అనే రకం తడపకుండానే పట్టీలు పట్టీలుగా వస్తుంది. వెనక అంటించుకునే జిగురు ఉన్న స్టిక్కరు కాగితాలు మరో జాతి. వాటి జిగురు నీటికి లొంగదు, వేడికి లొంగుతుంది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వాటిని ఊడదీయడం అందుకే.

మార్కెట్లో మామూలు వాల్‌పేపర్ చుట్ట 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు. దుకాణంలో దీన్నే 57 చదరపు అడుగుల చుట్ట అంటారు. మా నడవ గోడ 12 అడుగుల వెడల్పు, అంటే 3.66 మీటర్లు. దాన్ని 53 సెంటీమీటర్లతో భాగిస్తే ఏడు పట్టీలు పడతాయి, మధ్యలో ఆరు అతుకులు. ఈ లెక్క ఎందుకంటే, వినైల్ గుండా ఆవిరి పోలేదు, పోగలిగిన దారి ఆ ఆరు అతుకులే. మూల లేవడానికి నెలల ముందే ఆ అతుకుల వెంబడి నిలువుగా తెల్లటి గీతలు వచ్చాయని మామయ్య ఇప్పుడు గుర్తుచేసుకుంటున్నారు. అప్పట్లో అది జిగురు కారిందనుకుని తడిగుడ్డతో తుడిచేవారట.

కరువు సీమలో గోడకు చెమ్మ ఎక్కడిది?

అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కర్నూలులో కాస్త ఎక్కువ. కోస్తాతో పోలిస్తే ఇక్కడి గోడలు పొడిగా ఉండాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పొడిగానే ఉంటాయి, పై చర్మం మేరకు. అసలు ముప్పు కూడా ఆ పొడిదనం వల్లే.

నేలలోని నీరు రాయి, ఇటుక, మట్టి సందుల గుండా దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. మామూలుగా మూడు, నాలుగు అడుగుల లోపే ఆగుతుంది. ఎక్కిన నీరు గోడ ముఖం మీద ఆవిరైపోతుంది, దానిలో కరిగి వచ్చిన ఉప్పు మాత్రం అక్కడే దిగబడుతుంది. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో గోడ తడితడిగా, బూజుపట్టి కనిపిస్తుంది. గాలి పొడిగా ఉండే మన దగ్గర నీరు వేగంగా ఆవిరై, ఉప్పు వేగంగా పేరుకుంటుంది. కోస్తా గోడకు బూజు ఎలాగో సీమ గోడకు ఉప్పు అలాగ.

ఉప్పు నేలనుంచే రానక్కర్లేదు. ఒక లెక్క వేసి చూద్దాం. కొత్తగా పూసిన గదిగోడలకు పూటకు పది బకెట్లు, రెండు పూటలా, ఏడు రోజులు నీళ్లు కొట్టారనుకుందాం. బకెట్టుకు 15 లీటర్ల చొప్పున మొత్తం 2100 లీటర్లు. చాలావరకు కిందికి కారిపోతాయి, గోడ తాగింది పావువంతే అనుకున్నా 525 లీటర్లు. బోరు నీటి టీడీఎస్ 1500 అయితే, అంటే లీటరులో ఒకటిన్నర గ్రాముల లవణాలుంటే, గోడలోకి చేరింది దాదాపు 790 గ్రాములు. తాగునీటిలో 500 దాకా మంచిదని, వేరే గతి లేకపోతే 2000 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. కాంక్రీటు నీటికీ ప్రమాణాలున్నాయి. ఇనుప కడ్డీలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, కడ్డీలు లేనిదానికి 2000 దాకా సరే. కడ్డీ తుప్పుపట్టకుండా చూడటమే ఆ తేడాకు కారణం. గోడకు కొట్టే నీళ్లను పరీక్ష చేయించిన ఇంటి యజమానిని నేనింతవరకు చూడలేదు.

పేరుకున్న ఉప్పు ఊరికే కూర్చోదు. సందుల్లో స్ఫటికాలుగా పెరుగుతూ చుట్టుపక్కల పూతను నెడుతుంది. తడిస్తే కరుగుతుంది, ఆరితే మళ్లీ పెరుగుతుంది, ప్రతి విడతకూ కొంత పూత పిండి అవుతుంది. వీటిలో సోడియం సల్ఫేటు మరీ మొండిది. నీటిని కట్టేసుకున్నప్పుడు దాని పరిమాణం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఈ మార్పు సుమారు 32 డిగ్రీల దగ్గర అటూ ఇటూ జరుగుతుంది, గాలిలో తేమను బట్టి ఆ గీత కిందికి దిగుతుంది. కర్నూలులో ఏడాదిలో ఎన్ని రోజులు పగలు 32 దాటి, రాత్రి దాని కిందికి దిగుతాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఉప్పా, బూజా, వట్టి సున్నమా?

కాగితం వెనక కనిపించే తెల్లదనమంతా ఒకటి కాదు. మామయ్య పిలిపించిన బేల్దారి (తాపీమేస్త్రీ), అరవై దాటిన మనిషి, రాలిన పొడిని చూపుడువేలికి అద్దుకుని నాలుక కొసకు తాకించి తుపుక్కున ఊశాడు. “ఉప్పే సార్. ఇంకా గోకొద్దు, వెనక ఎంత గుల్లబారిందో చూడనివ్వండి” అని తాపీ పిడితో గోడను పైనుంచి కిందికి తడుతూ పోయాడు. నడుము ఎత్తు దాకా గట్టి శబ్దం, ఆ కింద కుండ మోగినట్టు మోత. మోత మొదలైన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు.

నాలుకతో రుచి చూడటం ఆయన అలవాటు, అందరికీ మంచిది కాదు. అదే సంగతి ఇంకోలా తెలుస్తుంది. ఉప్పును నీటిలో వేస్తే కరిగిపోతుంది. సున్నపు పొర నీటికి కరగదు, పులుపు తగిలితే నురగ వస్తుంది, రెండు చుక్కల నిమ్మరసం చాలు. బూజు మీద పలచటి బ్లీచింగు నీళ్లు పడితే దాని నలుపు, పచ్చదనం పోతాయి, ముక్కుకు ముక్కవాసన ముందే తెలుస్తుంది.

చెమ్మ గోడలోదా, గదిలోదా అన్నది ఇంకో చిక్కుముడి. గోడకు ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒకరోజు వదిలేస్తే, గోడవైపు నీటిబొట్లు పడితే నీరు గోడలోది, గదివైపు పడితే గాలిలోది. మన వాతావరణంలో రెండోది తక్కువే. ఏసీ గదుల్లో మాత్రం వానాకాలంలో జరుగుతుంది. బయటి తేమగాలి గోడ దాటి లోపలికి వచ్చి, చల్లటి వినైల్ వెనక నీరుగా మారి, అక్కడే బూజు పెడుతుంది. అలాంటి గదిలో గోడ తప్పేమీ ఉండదు, కాగితందే నేరం.

సిమెంటు పూయాలా, సున్నమా?

ఇక్కడ మాటలు పెరుగుతాయి. సిమెంటు వైపు వాదన బలహీనమేమీ కాదు. గట్టిగా ఉంటుంది, వానజల్లుకు తట్టుకుంటుంది, ప్రతి వీధిలో పనివాళ్లు దొరుకుతారు, వారంలో పని అయిపోతుంది. ఇటుక గోడకు బయటినుంచి బీట ద్వారా నీరు దిగుతుంటే ఆ బీటను మూసి సిమెంటు పూత సరిచేయడమే సరైన వైద్యం. అలాంటి ఇంటికి సున్నం కావాలని పట్టుబట్టడం మోజు తప్ప అవసరం కాదు.

సున్నం వైపు వాళ్లు చెప్పేది వేరే గోడ గురించి. మట్టి, రాయి గోడ కిందినుంచి నీరు తాగుతూ, ముఖం నుంచి వదులుతూ బతుకుతుంది. సిమెంటు ఆ ముఖాన్ని చాలావరకు మూసేస్తుంది. నీరు ఆగదు, ఇంకా పైకి ఎక్కి సిమెంటు లేని చోట తేలుతుంది. కింది నాలుగడుగులకు కడప బండలో, టైల్సో తాపడం చేయించిన ఇళ్లను గమనించండి. ఒకటి రెండేళ్లకు సరిగ్గా బండ పై అంచు మీద పెచ్చులు లేస్తాయి. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పూత చెమ్మను బయటికి పోనిస్తుంది, ఉప్పును తనలో దాచుకుని తానే మెల్లగా రాలుతుంది. గోడ మిగులుతుంది, పూతను కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి. ఈ కొన్నేళ్లకోసారి అన్నదే చాలామందికి రుచించదు. పైగా డంగు సున్నం తెలిసిన చేతులు తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది.

రెండు వైపులవాళ్లూ ఒప్పుకునే మాట ఒకటుంది. నీరు వచ్చే దారి తేలకుండా పూత గురించి కొట్లాడటం దండగ. మామయ్యగారింట్లో వరద నీరు పదహారేళ్ల కిందటే పోయింది. ఇప్పటి నీరు నడవ అవతలి తొట్టి దగ్గర పగిలిన గొట్టానిది.

తొందరలో చాలామంది చేసే ఇంకో పని పీఓపీతో అతుకు వేయడం. పొడి గోడకైతే పర్వాలేదు. చెమ్మ ఉన్న సిమెంటు గోడలో మాత్రం జిప్సంలోని సల్ఫేటు, సిమెంటులోని అల్యూమినియం సమ్మేళనాలు నీటి సాయంతో కలిసి ఉబ్బే స్ఫటికాలను పుట్టిస్తాయి. అతుకు తానూ ఊడి, పక్కదాన్నీ ఊడదీస్తుంది.

కాగితం తీయకుండా మీదే పూస్తే?

కొందరు రంగులవాళ్లు వాల్‌పేపర్ మీదే ప్రైమర్, పుట్టీ, రంగు వేసేద్దామంటారు. కాగితం నలుమూలలా గట్టిగా పట్టి ఉండి, కింద పొడి బోర్డు ఉంటే ఈ మాటలో న్యాయముంది. ఊడదీసే ప్రయత్నంలో బోర్డు చిరిగే ప్రమాదం తప్పుతుంది. అతుకుల గీతలు రంగులోంచి కనబడటం దానికి చెల్లించే మూల్యం. నీళ్ల ప్రైమర్ జిగురును తడిపి బుడగలు లేపుతుంది కాబట్టి నూనె ప్రైమర్ వేస్తారు. చెమ్మ గోడ మీద మాత్రం ఈ పని గోడకు ఇంకో ప్లాస్టిక్ చొక్కా తొడిగినట్టే.

పాత ఇళ్లలో గోకేటప్పుడు దుమ్ము సంగతి కూడా చూసుకోవాలి. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90కి మించకూడదన్న నిబంధన దేశంలో అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి నూనె రంగుల్లో ఎంత ఉందో చూసి చెప్పలేం. వాటిని పొడిగా రుద్దకుండా తడిపి గోకడం, పిల్లల్ని ఆ గదికి దూరంగా ఉంచడం అందుకే.

ఆరడానికి ఎంత కాలం?

కట్టుబడి ఆరడానికి ఒక మోటు లెక్క ఉంది, నెలకు అంగుళం. చలిదేశాల్లో పుట్టిన లెక్క, మన ఎండలకు ఇంకొంచెం త్వరగానే కావచ్చు. మామయ్యగారి గోడ పద్దెనిమిది అంగుళాలు. రెండు ముఖాలూ తెరిచి ఉంటే ఒక్కో వైపు తొమ్మిది అంగుళాలు, తొమ్మిది నెలలు. ఒకవైపు సిమెంటు, వాల్‌పేపర్ అలాగే ఉంచితే పద్దెనిమిది నెలలు. రెండువైపులా మూసి ఉంచితే లెక్కే లేదు.

గొట్టం మార్పించాక, బొగ్గు గీత దాకా సిమెంటు కొట్టేయించారు. నడవ ఇప్పుడు వికారంగా ఉంది, నడుము దాకా రాయీ మట్టీ, పైన ఎర్ర ఇటుకల కాగితం. సున్నం ఇప్పుడే వద్దని బేల్దారి చెప్పిపోయాడు. పైకి తేలిన ఉప్పును తడి తగలకుండా వారానికోసారి పొడి చీపురుతో దులిపి ఎత్తేయమన్నాడు, తడిపితే అది మళ్లీ గోడలోకే పోతుందట. మామయ్య దులిపినదాన్ని స్టీలు గిన్నెలోకి ఎత్తి నాకు ఫోటోలు పంపుతున్నారు. మొదటి వారం గిన్నె సగం నిండింది. మొన్నటి ఫోటోలో అడుగు కనిపిస్తోంది.